నిమ్మతొక్క నూనె

డోర్కాస్ చేతులకు ఎప్పుడూ ఒక వాసన ఉండేది. పదకొండేళ్ళు నూనె తీసే బట్టీ దగ్గర పనిచేసిన చేతులవి. సబ్బుతో ఎంత రుద్ది కడిగినా, అన్నం కలుపుకునేటప్పుడు కూడా వేళ్ళ సందుల్లోంచి నిమ్మగడ్డి వాసన వస్తుందని భర్త ప్రేమదాసు నవ్వేవాడు.

ఆ బట్టీ రాజేంద్రనగర్ అవతల, కోస్తా నుంచి వచ్చిన ఒక మేడమ్ పెట్టిన తోటలో ఉండేది. నిమ్మగడ్డి, గులాబీ వాసన వేసే పామారోజా గడ్డి, వట్టివేరు అక్కడ పెంచేవాళ్ళు. కోసిన గడ్డిని పెద్ద డ్రమ్ములో వేసి ఆవిరి పడితే, నీళ్ళ మీద పలుచగా నూనె తేలేది. డోర్కాస్ హిమాయత్ సాగర్ నుంచి అక్కడికి కలుపు తీసే పనికి పోయింది మొదట. చదివింది ఏడో తరగతే గాని, ఒకసారి చూస్తే మరిచిపోయే మనిషి కాదు. అది గమనించి మేడమ్ ఆమెను బట్టీ దగ్గరికి మార్చింది. ఏ నూనె ఎంత ఘాటో, దేంట్లో ఎంత కలపాలో, ఏది మొహానికి పనికొస్తుందో, ఏది పనికిరాదో దగ్గరుండి నేర్పింది.

"వీటికి నూనె అని పేరేగాని డోర్కాస్, మందులాంటివి. చుక్క ఎక్కువైతే మేలు కాస్తా కీడవుతుంది," అని ఎప్పుడూ చెబుతుండేది.

తోట మూతపడి మేడమ్ సొంతూరికి వెళ్ళిపోతూ, డోర్కాస్‌కు ఒక అట్టపెట్టె ఇచ్చింది. అందులో గోధుమరంగు గాజు సీసాలు పది పన్నెండు ఉన్నాయి. ఒక్కో సీసా మీద మేడమ్ స్వయంగా తెలుగులో పేర్లు రాసి అంటించింది.

అప్పటినుంచి డోర్కాస్ ఇంటి అరుగు మీద మధ్యాహ్నాలు ఆడవాళ్ళు కూడడం మొదలైంది. ఎక్కువమంది ఎయిర్‌పోర్టు రోడ్డు మీద మొక్కల పనికి పోయేవాళ్ళు. రోడ్డు మధ్యలో కాగితంపూల చెట్లు కత్తిరించడం, గడ్డి పీకడం, పైపుతో నీళ్ళు పట్టడం వాళ్ళ పని. పొద్దున ఆరింటికి వ్యాన్ ఎక్కితే రెండింటికి దిగేవాళ్ళు. నలభై దాటకముందే వాళ్ళ చెంపల మీద మంగు పరుచుకునేది. కళ్ళ పక్కన చర్మం నలిపిన కాగితంలా అయ్యేది. పొద్దంతా వంగి ఉండే మనిషికి ముసలితనం ముందు మెడ వెనక వస్తుందని డోర్కాస్ వాళ్ళను చూసే తెలుసుకుంది.

చెంచాడు నువ్వుల నూనెలో రెండు చుక్కల పామారోజా, ఒక చుక్క వట్టివేరు. అది అరచేతిలో వెచ్చబరిచి మెల్లగా మొహానికి పట్టించేది. మంగు పోయేది కాదు. ఆ సంగతి డోర్కాస్‌కూ తెలుసు. కాని గరుకుబారిన చర్మం మెత్తబడేది, బిగుసుకుపోయిన నొసలు వదులయ్యేది. ఇంట్లో అందరికీ చేసి పెట్టే ఆ ఆడవాళ్ళ మొహాన్ని ఒకరు రెండు చేతుల్లోకి తీసుకోవడం, చాలామందికి పెళ్ళయ్యాక అదే మొదలు. కొందరు కూర్చున్నచోటే నిద్రపోయేవాళ్ళు. నూనె డాక్టరమ్మ అని పిలిచేవాళ్ళు ఆమెను. డోర్కాస్ పైకి వద్దనేది గాని, ఆ పిలుపు ఆమెకు నచ్చింది.

సక్కుబాయి ఇల్లు అక్కడికి రెండిళ్ళ అవతల. ఇద్దరూ ఒకే ఏడాది ఆ వాడకు కోడళ్ళుగా వచ్చారు. సక్కుబాయి మూడేళ్ళు పెద్ద. డోర్కాస్‌కు కొడుకు ఆశేర్ పుట్టిన నెలలో టైఫాయిడ్ వచ్చి పాలు ఎండిపోతే, అప్పుడే బిడ్డను కన్న సక్కుబాయి ఇరవై రోజులు ఆశేర్‌కు కూడా తన పాలే ఇచ్చింది. ఒకరు చర్చికి, ఒకరు గుడికి. అయినా కూరగిన్నెలు మాత్రం ఇటూ అటూ తిరుగుతూనే ఉండేవి. సక్కుబాయి భర్త కుర్మయ్య నడుం పడిపోయి ఇంటిపట్టునే ఉండిపోవడంతో, యాభై నాలుగేళ్ళ వయసులో కూడా ఆమె రోడ్డు పనికి పోతూనే ఉండేది.

రెండేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఒకరోజు సక్కుబాయి వ్యాన్ దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా డోర్కాస్ అరుగు దగ్గరికి వచ్చింది. అప్పటికే అక్కడ నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు.

"డోర్కమ్మా, జర నా మొహం సూడే. ఎట్లున్నది?"

"ఎట్లుంటది అక్కా? నీ మొహం లెక్కనే ఉన్నది."

"నవ్వకు. జగదీశ్ సారు చెప్పిండు. ఇద్దరు ఆడోళ్ళను ఎయిర్‌పోర్టు లోపలికి తీస్కుంటరట. లోపల కుండీలుంటయి గదా, ఆకులు తుడుసుడు, నీళ్ళు పోసుడు. ఎండ లేదు, దుమ్ము లేదు. పది దినాలకు పెద్ద సారొచ్చి ఏరుకుంటడట. జర మంచిగ కనవడెటోళ్ళనే తీస్కుంటరంటున్నరు."

జగదీశ్ మొక్కల కాంట్రాక్టు సూపర్‌వైజరు. సక్కుబాయి తన చెంపలు తడుముకుంది. రెండు వైపులా మంగు ముదిరి ఉంది.

"పది దినాలల్ల ఏమన్న అయితదా? నీ చేతుల ఉన్నది."

పది రోజుల్లో ఏమీ కాదు. ఆ మాట డోర్కాస్ నాలుక చివరిదాకా వచ్చింది. కాని సక్కుబాయి తనను మొదటిసారి ఒకటి అడిగింది. డోర్కాస్ లోపలికి పోయి అట్టపెట్టె తెరిచింది. అడుగున ఒక చిన్న సీసా ఉంది. దానిమీద 'నిమ్మతొక్క' అని రాసి ఉంది. తొక్కలను పిండి తీసిన నూనె అది. మచ్చలను పలచబరుస్తుందని ఎవరో అంటే ఆమె విని ఉంది. మేడమ్ ఆ సీసా ఇస్తూ చెప్పింది కూడా ఆమెకు బాగా గుర్తుంది.

"ఇది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలుతుంది. మొహానికి అసలు వాడొద్దు. ఇల్లు తుడిచే నీళ్ళలో వేసుకో, మంచి వాసన."

డోర్కాస్ చిన్న సీసాలో నువ్వుల నూనె పోసింది. అందులో నిమ్మతొక్క నూనె రెండు చుక్కలు కాదు, చాలా వేసింది. పది రోజులే ఉన్నాయి మరి. సాయంత్రం మాత్రమే రాసుకోమని, ఎండలోకి పోకముందు కడుక్కోమని, మొహానికి గుడ్డ కట్టుకోమని చెప్పొచ్చులే అనుకుంది. అలా అనుకుంటూనే బయటికి వచ్చింది.

అరుగు మీద పక్కింటి రాములమ్మ గట్టిగా మాట్లాడుతోంది. "దుకాణంల కొన్న క్రీములు రాస్తె మా బిడ్డ మొహం కాలి నల్లగయ్యింది. మా డోర్కమ్మ నూనెతోని గట్ల ఎన్నడన్న అయ్యిందా? ఒక్కల మొహం ఖరాబైందా? చెట్టు నుంచి వచ్చింది గదా, మంచిదే గని చెడు చెయ్యదు."

అందరూ అవునన్నారు. అందరూ డోర్కాస్ వైపు చూశారు.

ఆ క్షణంలో నోరు తెరిచి, ఈ నూనె ఎండలో కాలుస్తుంది అని చెప్పాలి. డోర్కాస్ చెప్పలేదు. సీసా సక్కుబాయి చేతిలో పెట్టి, "మాపటీలి రాసుకో అక్కా, పొద్దుగాల గూడ జరంత," అంది. పొద్దుగాల అన్న మాట తన నోట్లోంచి ఎందుకొచ్చిందో ఆమెకు ఇప్పటికీ అర్థం కాదు. తొందరగా పనిచేయాలన్న ఆత్రంలో వచ్చి ఉంటుంది.

మరునాడు పొద్దున వ్యాన్ వచ్చేలోపు వెళ్ళి చెబుదామనుకుంది. ఆ పొద్దున నల్లా వచ్చింది. మూడు రోజులకొకసారి వచ్చే నీళ్ళు. బిందెలన్నీ నింపుకుని చూసేసరికి వ్యాన్ పోయింది. మధ్యాహ్నం సక్కుబాయి నవ్వుతూనే దిగింది, మొహానికి ఏమీ కాలేదు. ఏమీ కాదులే అనుకుంది డోర్కాస్.

రెండో రోజు సక్కుబాయి చెంపలు ఎర్రగా కందాయి. "ఎండలు గిట్ల కొడుతున్నయ్ ఈసారి," అంది ఆమె, మళ్ళీ రాసుకుంది. మూడో రోజు మధ్యాహ్నం వ్యాన్ దిగేసరికి రెండు చెంపలూ పొంగి ఉన్నాయి. కణతల నుంచి దవడల దాకా, నూనె జారిన దారి వెంబడి మెడ మీదికి, నీళ్ళ బొబ్బలు తేలాయి.

డోర్కాసే ఆటోలో శంషాబాద్ తీసుకుపోయింది, ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు. అక్కడి డాక్టరమ్మ చూడగానే అడిగింది. "ఏం రాసుకున్నవమ్మా మొహానికి?"

సక్కుబాయి ఒకసారి డోర్కాస్ వైపు చూసింది. "ఏం రాసుకోలే మేడం. పసుపు రాసిన, గంతే."

"నిజం చెప్పాలె. ఏం రాసినవో తెలిస్తేనే మందు సరిగ్గ ఇయ్యనీకె వస్తది."

"పసుపే మేడం."

డోర్కాస్ పక్కనే నిలబడి ఉంది. రెండు అడుగుల దూరం కూడా లేదు. ఆమె నోరు తెరవలేదు. డాక్టరమ్మ ఎండకు చర్మం కాలి ఉండొచ్చని ఏదో ఆయింట్‌మెంటు రాసిచ్చింది.

బయటికి వచ్చాక సక్కుబాయి మెల్లగా అంది, "నీ పేరు చెప్తే నిన్ను పరేషాన్ చేస్తరేమో అని చెప్పలే. అయినా నీ నూనె ఏం చేస్తదే? నూనె పెట్టిన గాబట్టి గింతతోని పోయింది. లేకపోతే మొత్తం మొహమే కాలుతుండె."

ఇంటికి చేరాక డోర్కాస్ చేసిన పని ఏమిటంటే, "ఆ సీసా ఇటియ్యి అక్కా, వేరే మంచిది పోసిస్త," అని అడిగి తీసుకుంది. మిగిలిన నూనెను మోరీలో పోసి, సీసాను కడిగి బోర్లించింది. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆమె తనను తాను నిలదీసుకుంది. చెప్పకపోవడం పొరపాటు అనుకున్నా, సీసా కడగడం పొరపాటు కాదు. అది తెలిసి చేసిందే.

పెద్ద సారు వచ్చిన రోజు సక్కుబాయి మొహానికి తెల్లటి ఆయింట్‌మెంటు పూసుకుని, ఉతికిన చీర కట్టుకుని వరుసలో నిలబడింది. జగదీశ్ ఆమెను చూసి, "పెద్దమ్మా, గిట్ల ఎందుకొచ్చినవ్? మొహం తగ్గినంక సూద్దాంలే," అని పక్కకు జరిపాడు. ఆ రెండు చోట్లకు వేరే ఇద్దరు కుదిరారు.

బొబ్బలు మానాయి. కాని వాటి చోట మచ్చలు పడ్డాయి, మంగు కంటే నల్లగా. ఒక్కో చెంప మీద కణత నుంచి కిందికి జారిన చార, ఎవరో కాటుక వేలితో గీసినట్టు. ఎండ తగిలితే అవి మండేవి. జూన్‌లో సక్కుబాయి రోడ్డు పని మానేసింది. నల్లా దగ్గరికి కొంగు మొహానికి చుట్టుకుని వచ్చేది. డోర్కాస్ మాత్రం రోజూ వాళ్ళింటికి కూరో, చారో పంపేది. కుర్మయ్యకు మందులు తెచ్చి పెట్టేది. తాను మాత్రం గడప లోపల ఎక్కువసేపు నిలిచేది కాదు. సక్కుబాయి ఆ మంచితనానికి మురిసిపోయి నలుగురికీ చెప్పుకునేది. అది వినడం డోర్కాస్‌కు అన్నిటికంటే కష్టంగా ఉండేది. అన్నం సయించేది కాదు. అరుగు మీదికి వచ్చినవాళ్ళను ఒంట్లో బాగాలేదని పంపేసేది.

వానలు పట్టాక ఒక ఆదివారం. వాళ్ళ చర్చి వాడ చివర రేకుల షెడ్డు. లోపల పట్టనివాళ్ళు బయట కూర్చుంటారని వీధివైపుకు ఒక మైకు గొట్టం కట్టి ఉంచారు. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు, తమ బతుకులోని సంగతి అందరి ముందు సాక్ష్యంగా ఎవరైనా చెబుతారా అని అడిగారు. డోర్కాస్ లేచింది. తాను లేస్తానని ఆమెకే తెలియదు.

మైకు పట్టుకుని ఏడుస్తూ మొత్తం చెప్పింది. పేరు చెప్పలేదు, ఒక సహోదరి అంది. తెలిసి దాచానంది. ఆస్పత్రిలో ఆ సహోదరి పసుపు అని చెప్పి తనను కాపాడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డానంది. సీసా సంగతి కూడా చెప్పింది. ప్రభువు తనను క్షమించాలని మోకాళ్ళ మీద పడింది. లోపలివాళ్ళంతా హల్లెలూయా అన్నారు, చప్పట్లు కొట్టారు. అయ్యగారు తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. గుండె మీది బండ దిగినట్టయింది డోర్కాస్‌కు. ఇంటికి వచ్చి రెండు నెలల తర్వాత ఆకలితో అన్నం తిన్నది.

చేయి కడుక్కుంటుండగా గుమ్మంలో సక్కుబాయి కనిపించింది. మొహానికి కొంగు లేదు.

"మంచిగ చెప్పినవ్ మైకుల," అంది.

డోర్కాస్ చెంబు కింద పెట్టింది.

"గిన్నెలు తోముకుంట విన్న. ముందుగాల వేరెవ్వరి సంగతో అనుకున్న. పసుపు అని చెప్పిందన్నప్పుడు సమజైంది." ఆమె గొంతు పెంచలేదు. "చప్పట్లు గూడ కొట్టినరు గదా?"

"అక్కా, నేను..."

"మీ దేవునికి చెప్పినవ్. మీ అయ్యగారికి చెప్పినవ్. వాడ మొత్తానికి చెప్పినవ్. నా ఇంటికి రెండిండ్లే గదనే డోర్కమ్మా. గన్ని దినాలల్ల ఒక్క దినం నడవబుద్ధి కాలేదా?"

అంతే అని వెళ్ళిపోయింది. ఆశేర్‌కు పాలిచ్చిన సంగతి ఎత్తలేదు. ఎత్తి ఉంటే కాళ్ళ మీద పడి ఏడ్చేదాన్నని డోర్కాస్ తర్వాత అనుకుంది. ఎత్తకపోవడంతో అక్కడే నిలబడిపోయింది.

మరునాటి నుంచి పంపిన కూరగిన్నెలు మూత తీయకుండానే తిరిగొచ్చాయి. వాటిని తెచ్చిచ్చేటప్పుడు కుర్మయ్య గోడ పట్టుకుని నడుస్తూ, తల వంచుకుని, "ఏమనుకోకు బిడ్డా," అనేవాడు. అరుగు మీదికి ఆడవాళ్ళు రావడం దానంతటదే ఆగింది. కొన్నాళ్ళకు సక్కుబాయి రావిర్యాల వైపు ఒక నర్సరీలో పనికి కుదిరిందని తెలిసింది. ఆకుపచ్చ వల కింద, ఎండ పడని పని.

వెళ్ళి మాట్లాడాలని డోర్కాస్ రోజూ అనుకునేది. రోజూ ఏదో అడ్డం పెట్టుకునేది. ఒకరోజు ప్రేమదాసు విసుక్కున్నాడు. "వందమంది ముందు మైకుల చెప్పినదానివి. ఒక్క మనిషికి చెప్పనీకె భయమెందుకు?"

"మైకుల చెప్తుంటె ఎదురు అడిగెటోళ్ళు ఉండరు గదయ్యా," అంది డోర్కాస్.

చివరికి జనవరిలో, ఆశేర్ పెళ్ళిచూపులకు పోయేముందు, బస్సెక్కి రావిర్యాల పోయింది. సక్కుబాయి వల కింద పీట మీద కూర్చుని చిన్న నల్లసంచుల్లో మట్టి నింపుతోంది. డోర్కాస్‌ను చూసి చేయి ఆపలేదు. డోర్కాస్ ఆమె ఎదురుగా మట్టిలోనే కూర్చుంది.

"అక్కా, గా నూనె రాసి ఎండల పోతే కాలుతదని నాకు తెలుసు. మేడం చెప్పింది. నీకు చెప్పలే."

"విన్న గదా."

"నీ ముందట చెప్పలే గదా."

సక్కుబాయి ఒక సంచి నింపి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. "ఎందుకు చెప్పలే?" అని అడిగింది.

చర్చిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "రాములమ్మ గప్పుడే నన్ను పొగిడింది. అందరు నా దిక్కే సూస్తున్నరు. నా నూనె గూడ కాలుస్తదని చెప్తే చిన్నతనమైతదనిపించింది."

"గంతేనా?"

"గంతే అక్కా."

సక్కుబాయి చేతిలోని మట్టి వంక చూసింది. "పెద్ద కారణం ఏదన్న ఉంటదనుకున్ననే. గిన్ని నెలలు పండుకున్నప్పుడల్ల గదే ఆలోచించిన. నేనేమన్న అన్ననా, నా మీద నీకేమన్న కడుపుల ఉండెనా అని." ఆమె కళ్ళు తుడుచుకోబోయి, చేతికి మట్టి ఉందని ఆగింది. "గంతేనా?"

డోర్కాస్ తన కొంగుతో ఆమె కళ్ళు తుడవబోయింది. సక్కుబాయి మొహం వెనక్కి తీసుకుంది. కోపంతో తీసుకున్నట్టు లేదు. పొయ్యి దగ్గర ఒకసారి చేయి కాలినవాళ్ళు తెలియకుండానే వెనక్కి తీసుకుంటారే, అలా.

కాసేపటికి ఆమే అడిగింది. "ఈ నల్లది పోతదా?"

"తెల్వదు అక్కా. తోలు డాక్టరుకు సూపిద్దాం. ఈసారి ఏం రాసినమో నేనే చెప్త."

సక్కుబాయి ఇంకో సంచి అందుకుంది. "నాలుగింటి బస్సు పోతే మళ్ళ ఆరింటిదాక లేదు. పో ఇగ," అంది.

వారం తర్వాత ఇద్దరూ శంషాబాద్‌లో చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళారు. మేడమ్ 'నిమ్మతొక్క' అని రాసి అంటించిన సీసాను డోర్కాస్ తీసుకుపోయి చూపించి, ఎన్ని చుక్కలు వేసిందో, ఏం దాచిందో అన్నీ చెప్పింది. ఆ డాక్టరు తిట్టాడు. ఇంత ఆలస్యంగా వస్తే ఏం చేయాలన్నాడు. క్రీము రాసిచ్చాడు, ఎండ తగలనివ్వద్దన్నాడు. ఏడాది వాడితే కుడి చెంప మీది చార చాలావరకు కలిసిపోయింది. ఎడమ చెంపది అలాగే ఉంది. ఉండిపోతుందని డాక్టరు చెప్పేశాడు.

ఇప్పుడు నల్లా దగ్గర ఇద్దరూ మాట్లాడుకుంటారు. నీళ్ళ సంగతి, కుర్మయ్య నడుం సంగతి, ఆశేర్ భార్యకు ఎన్నో నెల అన్న సంగతి. మూతలు తీసిన గిన్నెలు మళ్ళీ ఇటూ అటూ తిరుగుతున్నాయి. సక్కుబాయి మాత్రం ఆ అరుగు ఎక్కలేదు. మాట్లాడుతున్నంతసేపూ డోర్కాస్ చూపు తనకు తెలియకుండానే ఆ ఎడమ చెంప మీదికి పోతుంది. సక్కుబాయికి అది తెలుసు. అందుకే ఆమె బిందె కింద పెట్టి, ఆ చెంప గోడవైపుకు వచ్చేలా తిరిగి నిలబడి మాట్లాడుతుంది.